బ్రౌజర్ ఎక్కట్లేదా? అన్‌ఇన్‌స్టాల్ కొట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

నమస్కారం అండీ. పోయిన కౌన్సెలింగ్ సీజన్‌లో ఒకరోజు పొద్దున్నే మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయనకి బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అన్నది పేరుకే, అసలు నడిచేది ఆన్‌లైన్ అప్లికేషన్ల మీద. "ఒరేయ్, గూగుల్ పోయిందిరా. తీసేసి మళ్ళీ వేద్దామంటే ఎక్కట్లేదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకోడానికి పిల్లలొచ్చి కూర్చున్నారు, తొందరగా రా" అన్నాడు. ఆయన గూగుల్ అనేది క్రోమ్ బ్రౌజర్‌ని.

"తీసేశావా బాబాయ్? మొత్తం?"

"అడిగిన టిక్కు కూడా పెట్టి శుభ్రంగా తీసేశా."

ఆ టిక్కు మాట వినగానే నాకు గుండె జారింది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. ఎందుకంటే బ్రౌజర్ ఎక్కలేదనీ, అప్‌డేట్ అవ్వలేదనీ నా దగ్గరికి వచ్చే చాలా సిస్టమ్‌లలో బ్రౌజర్ బాగానే ఉంటుంది. జబ్బు దాని చుట్టుపక్కల ఉంటుంది.

షాపుకి వెళ్ళాను. నెట్ ఉంది, వైఫై గుర్తు నిండుగా ఉంది. క్రోమ్ సెటప్ ఫైల్ నొక్కితే కాసేపు తిరిగి, సర్వర్‌కి కనెక్ట్ అవ్వలేకపోతున్నానంటోంది. విండోస్‌తోనే వచ్చే ఎడ్జ్ బ్రౌజర్ తెరిస్తే అందులోనూ ఏ సైటూ రావట్లేదు. రెండు బ్రౌజర్లు ఒకేసారి పాడవ్వవు కదా. "తీసేసే ముందు స్క్రీన్ మీద ఏమొచ్చింది బాబాయ్?" అంటే, "ఏదో క్లాక్ అని వచ్చింది, ఇంగ్లీషులో" అన్నాడు. కళ్ళు కిందికి దించి కుడిమూల చూశాను. తేదీ 2012 జనవరి 1.

అంతే అండీ. అది తప్ప ఇంకేం లేదు. "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్", అంటే మీ గడియారం వెనకబడి ఉంది అని క్రోమ్ అప్పటికే చెప్పింది. దాని మాట వినకుండా దాన్నే తీసేశాం.

గడియారానికీ బ్రౌజర్‌కీ సంబంధమేంటి అంటారా? మీరు ఏ సైట్ తెరిచినా, ఆ సైట్ ముందుగా తన సర్టిఫికెట్ చూపించాలి. ఆ సర్టిఫికెట్ మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. మన బస్ పాస్ లాంటిదే. 2020 సెప్టెంబరు నుంచి ఆ గడువు 398 రోజులు మించకూడదని నియమం పెట్టారు, ఇప్పుడు దాన్ని ఇంకా తగ్గించుకుంటూ వస్తున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేవైతే మామూలుగా 90 రోజులే. ఇప్పుడు మీ కంప్యూటర్ ఇది 2012 అనుకుంటోంది. ఏ సైట్ పాస్ చూపించినా "ఇది ఇంకా మొదలే కాలేదే" అని గుమ్మంలోనే ఆపేస్తుంది. క్రోమ్ సెటప్ కూడా గూగుల్ సర్వర్‌తో అలాగే మాట్లాడాలి కాబట్టి అదీ ఆగిపోతుంది.

తేదీ ఎందుకు వెనక్కి పోయిందంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్ళకి అది అయిపోతుంది. బాబాయి రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తాడు. పొద్దున సిస్టమ్ వేసేసరికి మళ్ళీ 2012. వాచీల షాపులో అడిగితే ఆ సెల్లు ఇస్తారు. మార్చేటప్పుడు ప్లగ్గు తీసి, పాత సెల్లు ఏ వైపు పైకి ఉందో చూసుకుని అలాగే పెట్టండి. సెల్లు తెచ్చేలోపు తేదీ, టైమ్ చేత్తోనే సరిచేసుకోవచ్చు. టైమ్ జోన్ కూడా చూడండి, మనది ప్లస్ 5 గంటల 30 నిమిషాలది (UTC+05:30) ఉండాలి. తేదీ మార్చి సెటప్ నొక్కితే రెండు నిమిషాల్లో క్రోమ్ ఎక్కింది.

సరే, మీ దగ్గర తేదీ బాగానే ఉంది, అయినా ఎక్కట్లేదు. అప్పుడు విండోస్ వయసు చూడాలి. కీబోర్డ్ మీద విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని ఆర్ నొక్కి, వచ్చిన డబ్బాలో విన్‌వెర్ (winver) అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. విండోస్ 7 గానీ 8.1 గానీ కనిపిస్తే, క్రోమ్ దానికి ఆఖరిగా ఇచ్చింది 109 వెర్షన్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ వాళ్ళు పాత విండోస్‌ల కోసం 115 ఈఎస్‌ఆర్ అనే వెర్షన్‌ని చాలాకాలం లాక్కొచ్చారు, అందుకు వాళ్ళకి నిజంగా దండం పెట్టాలి. కానీ పాత విండోస్ మీద బ్యాంకు పని మాత్రం చేయకండి. ర్యామ్ సరిపోతే విండోస్ మార్చండి, లేదంటే విండోస్ బదులు వాడే లినక్స్ వేసుకోండి. "విండోస్ 7 కి లేటెస్ట్ క్రోమ్" అని ఊరూపేరూ లేని సైట్లలో దొరికేవాటి జోలికి అసలు పోకండి.

ఫోన్‌లోనూ ఇదే కథ. 2025లో వచ్చిన క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉంటేనే అప్‌డేట్. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇచ్చిన పాత ఫోన్‌లో అప్‌డేట్ బటన్ కనిపించట్లేదంటే ప్లే స్టోర్‌ని తిట్టుకోకుండా, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ చూడండి.

ఇంకొకటి కూడా చూశాను. కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11, అయినా క్రోమ్ సెటప్ నొక్కగానే ఇది మైక్రోసాఫ్ట్ వెరిఫై చేసిన యాప్ కాదని ఆపేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తప్ప ఏదీ ఎక్కదు. ఫైర్‌ఫాక్స్ 2021 నుంచి స్టోర్‌లో ఉంది కాబట్టి అది వేసుకోవచ్చు. క్రోమే కావాలంటే ఎస్ మోడ్ నుంచి బయటికి రావాలి. డబ్బులేం కట్టక్కర్లేదు, కాకపోతే ఒకసారి వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళడం ఉండదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాల్సిన విషయం. సెటప్ ఫైల్ ఎక్కణ్ణుంచి దించారు? సెర్చ్‌లో క్రోమ్ డౌన్‌లోడ్ అని కొడితే పైన వచ్చేది ఒక్కోసారి ప్రకటన. అచ్చం అసలు పేజీలాగే ఉంటుంది, అదే రంగులు, అదే బటన్. నొక్కితే దిగేది వేరు. అందుకే అడ్రస్ బార్‌లో మీరే గూగుల్ డాట్ కామ్, ఏటవాలు గీత, క్రోమ్ (google.com/chrome) అని టైప్ చేయండి. దించాక ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్ళండి. డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో గూగుల్ ఎల్ఎల్‌సీ అని ఉండాలి. ఫైర్‌ఫాక్స్ ఫైల్ అయితే దాన్ని తయారుచేసే మొజిల్లా కార్పొరేషన్ పేరు ఉంటుంది. ఆ ట్యాబే లేదంటే ఆ ఫైల్ తెరవకండి, డిలీట్ చేసేయండి.

అలాగే ఏదో వార్తో, సినిమా సంగతో చదువుతుండగా పేజీ మధ్యలో "మీ బ్రౌజర్ పాతదైపోయింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అని వచ్చిందా? నమ్మకండి. మీరు చదువుతున్న సైట్ మీ బ్రౌజర్‌ని అప్‌డేట్ చేయదు. సాక్‌గోలిష్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, ఏళ్ళ తరబడి జనాన్ని ముంచుతున్నది సరిగ్గా ఈ ఎత్తుతోనే. అప్‌డేట్ ఉండే చోటు ఒక్కటే. పైన కుడివైపు మూడు చుక్కలు, అందులో హెల్ప్, అందులో అబౌట్ గూగుల్ క్రోమ్. ఆ పేజీ తెరిస్తే చాలు, అదే వెతుక్కుని అదే దించుకుంటుంది.

చాలామంది అక్కడే ఆగిపోతారు. అప్‌డేట్ దిగింది కానీ ఎక్కలేదు. రీలాంచ్, అంటే మూసి మళ్ళీ తెరువు అని బటన్ కనిపిస్తూనే ఉంటుంది. నలభై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకుని, ల్యాప్‌టాప్ మూత మూయడమే గానీ ఒక్కరోజూ షట్‌డౌన్ చేయకపోతే కొత్త వెర్షన్ ఎప్పుడు లోపలికొస్తుంది చెప్పండి? క్రోమ్ మూసినా వెనకాల నడుస్తూ ఉండే సెట్టింగ్ ఒకటి ఉంది. అందుకే మూసి తెరిచినా సరిపోకపోవచ్చు. మూడు చుక్కల దగ్గర ఎర్ర రంగు కనిపించిందంటే అప్‌డేట్ వచ్చి వారమైనా అయ్యుంటుంది. ఆ రీలాంచ్ నొక్కండి, ట్యాబ్‌లు తిరిగి వస్తాయి. సగం నింపిన ఫారం ఉంటే మాత్రం ముందు సబ్మిట్ చేయండి, అది తిరిగి రాదు. క్రోమ్ 2023 ఆగస్టు నుంచి సెక్యూరిటీ అప్‌డేట్‌లు వారం వారం ఇస్తోంది. ఒక నెల వదిలేశారంటే నాలుగు వారాల మరమ్మతులు వదిలేసినట్టు.

ఎర్రర్ కోడ్ 3 అనీ, పక్కన చివర 0154 ఉన్న పొడుగాటి నంబరనీ వచ్చిందా? క్రోమ్‌ని అప్‌డేట్ చేసే చిన్న ప్రోగ్రామ్ వేరే ఉంటుంది, అది చెడిపోయిందని అర్థం. సిస్టమ్ స్పీడ్ పెంచుతామని దిగే క్లీనర్లు తరచూ దీన్నే ఆపేస్తాయి. అసలు సైట్ నుంచి సెటప్ కొత్తగా దించి, ఉన్న క్రోమ్ మీదే నడపండి. పాతది తీసేయక్కర్లేదు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. నంబరు చివర 2ఈఈ7 ఉంటే సర్వర్ పేరు దొరకలేదని, 2ఈఈ2 ఉంటే ఎదురుచూసి టైమ్ అయిపోయిందని. అవి రెండూ నెట్ సంగతులు. రౌటర్ ఆపి వేయండి, లేదంటే ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసి చూడండి.

నెట్ పోతూ వస్తూ ఉండే ఊళ్ళలో ఇంకో దారి ఉంది. మామూలుగా మనం దించే సెటప్ చాలా చిన్నది, అసలు సరుకు అది నడిచాకే నెట్ నుంచి లాగుతుంది. మధ్యలో సిగ్నల్ పోతే మళ్ళీ మొదటికే. దాని బదులు గూగుల్ వాళ్ళ సహాయం పేజీలోనే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఉంటుంది, వంద ఎంబీకి పైనే. సిగ్నల్ బాగున్న చోట దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి నెట్ లేకుండా ఎక్కించండి. మొజిల్లా సైట్‌లో కూడా పూర్తి సెటప్‌లు భాషలవారీగా ఉంటాయి, ఆ జాబితాలో తెలుగు ఉంది. ఫైర్‌ఫాక్స్‌ని తెలుగులోకి తెచ్చింది ఎక్కువగా జీతం లేకుండా పనిచేసిన వాళ్ళే. క్రోమ్‌ని కూడా విండోస్‌లో తెలుగులో పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కి వెళ్ళి తెలుగు చేర్చి, క్రోమ్‌ని ఈ భాషలో చూపించమని నొక్కి రీలాంచ్ చేయండి. షాపులు నడిపేవాళ్ళు ఈ ఒక్క పని చేయండి. ఆ రోజు ఆ గడియారం మాట తెలుగులో వచ్చి ఉంటే బాబాయి తనే చదివి సరిచేసుకునేవాడు.

డౌన్‌లోడ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. హాల్‌టికెట్ బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదంటే, అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు చూడండి, పాపప్, అంటే కొత్తగా తెరుచుకోవాల్సిన విండోని ఆపేసి ఉంటుంది. దాన్ని నొక్కి ఆ సైట్‌కి అనుమతి ఇవ్వండి. ఫైల్ సగంలో ఆగితే సి డ్రైవ్‌లో జాగా చూడండి. ఫైల్ డి డ్రైవ్‌కి పెట్టినా సి నిండిపోతే సిస్టమే నీరసించిపోతుంది. పెద్ద ఫైల్ నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి దించుతుంటే 4 జీబీ దగ్గర తన్నేస్తోందా? ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంది, అందులో ఒక్క ఫైల్ 4 జీబీకి మించకూడదు. లోపలున్నవి పక్కకి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి ఫార్మాట్ చేయండి. మ్యాక్ వాళ్ళకి ఒక్క మాట, క్రోమ్ బొమ్మని అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగి వదలకుండా దించిన డబ్బాలోంచే నడుపుతుంటే అది అప్‌డేట్ అవ్వదు.

ఇప్పుడు ఆ టిక్కు సంగతి. క్రోమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చిన్న డబ్బాలో "మీ బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా" అని అడుగుతుంది. టిక్కు పెడితే ఆ సిస్టమ్‌లో దాచిన బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు అన్నీ పోతాయి. గూగుల్ అకౌంట్‌తో సింక్, అంటే అవన్నీ ఆ అకౌంట్‌లో కూడా దాచే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే తిరిగి వస్తాయి. బాబాయి సింక్ పెట్టుకోలేదు. ఆయన పనిచేసే పోర్టల్స్ అన్నిటి లాగిన్‌లూ ఆ క్రోమ్‌లోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు.

కాబట్టి తీసేయక తప్పదనుకున్నప్పుడు ముందు ఇది చేయండి. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్‌కి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ నొక్కితే అన్నీ ఒక ఫైల్‌గా వస్తాయి. ఆ ఫైల్ ఎవరు తెరిచినా చదివేసేలా ఉంటుంది, కాబట్టి మళ్ళీ లోపలికి ఎక్కించగానే దాన్ని చెరిపేయండి. రీసైకిల్ బిన్‌లోంచి కూడా. క్రోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదండీ. ఆ పాస్‌వర్డ్‌లకి తాళం వేసేది మీ విండోస్ యూజర్ అకౌంట్. విండోస్ కొత్తగా వేశాక ఆ ఫోల్డర్ తెచ్చి పెట్టినా తాళం తెరుచుకోదు.

ఆ రోజు పిల్లల వెబ్ ఆప్షన్లు మధ్యాహ్నానికల్లా సేవ్ అయ్యాయి. బాబాయి లాగిన్‌లు మాత్రం ఒక్కొక్కటి ఓటీపీలు తెప్పించుకుంటూ కొత్తగా పెట్టుకోడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో ఒకటి ఇప్పుడు వాడుకలో లేని పాత ఫోన్ నంబరుకి కట్టి ఉంది. దానికోసం ఆయన ఇప్పటికీ ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.