మన చేత్తో చేసిన వెబ్‌సైట్‌ని సర్వర్‌లోకి పంపడం ఎలా?

[షాట్: గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి వంటగది. గట్టు మీద పచ్చడి జాడీలు. కెమెరా మెల్లగా బల్ల మీదున్న ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తుంది.]

అందరికీ నమస్కారం అండి. ఈ జాడీలు మా అమ్మవి. గోంగూర, పండుమిరప, మాగాయ, ఉసిరి. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఫోన్ చేసి ధరలు అడుగుతుంటారు. అందరికీ అవే మాటలు చెప్పీ చెప్పీ అమ్మకి ఓపిక అయిపోతోంది. అందుకే ఒక చిన్న వెబ్‌సైట్ చేశాను. 4 పేజీలు, 11 ఫొటోలు. రెడీమేడ్ డిజైన్ ఏమీ తీసుకోలేదు, నోట్‌ప్యాడ్‌లో కూర్చుని ఒక్కో లైనూ రాసుకున్నాను.

నా ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటోంది. అమ్మ ఫోన్‌లో మాత్రం తెరుచుకోదు, ఎందుకంటే ఆ ఫోల్డర్ ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే ఇంకో కంప్యూటర్‌లో పెట్టాలి. ఆ కంప్యూటర్‌నే సర్వర్ అంటాం. అందులో మనకంటూ కాస్త చోటు అద్దెకి తీసుకోవడమే హోస్టింగ్. ఈ వీడియోలో ఆ ఫోల్డర్‌ని అక్కడికి చేరుద్దాం.

[తెర: ఖాళీ డెస్క్‌టాప్. మధ్యలో 'పచ్చళ్లు' అనే ఫోల్డర్.]

దీనికి వాడే పద్ధతి పేరు ఎఫ్‌టీపీ, అంటే ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. దీన్ని మొదట రాసింది మన దేశం మనిషి. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. 1971 ఏప్రిల్‌లో ఆయన దీని మొదటి రూపం రాసేనాటికి వెబ్‌సైట్ అన్న మాటే లేదు. వెబ్ ప్రతిపాదన వచ్చింది 1989లో. మా అమ్మ పచ్చళ్ల పేజీ ఆయన వేసిన దారిలో వెళ్తోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

అయితే ఆ పాత ఎఫ్‌టీపీలో ఒక లోపం ఉంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాపరికం లేకుండా, ఉన్నవి ఉన్నట్టు నెట్‌వర్క్‌లో వెళ్తాయి. విజయవాడ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని పబ్లిక్ వైఫైలో అప్‌లోడ్ చేస్తే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న, ఆ పని తెలిసినవాడు ఎవడైనా వాటిని చదవగలడు. అందుకే ఈ రోజుల్లో ఎస్‌ఎఫ్‌టీపీ వాడాలి. మీ హోస్టింగ్‌లో అది లేకపోతే ఎఫ్‌టీపీఎస్ అయినా వాడండి. ఈ రెండింట్లోనూ సమాచారం తాళం వేసినట్టు వెళ్తుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

[తెర: ఫైల్‌జిల్లా తెరుచుకుంటుంది.]

ఒకప్పుడు బ్రౌజర్‌లోనే ఎఫ్‌టీపీ అడ్రస్ కొడితే సర్వర్‌లోని ఫోల్డర్లు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ 2021లో దాన్ని తీసేశాయి. కాబట్టి విడిగా ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. నేను వాడేది ఫైల్‌జిల్లా, ఉచితం. 2001 నుంచి ఉంది. విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ కూడా బాగుంటుంది. ఏదైనా సరే దాని సొంత సైట్ నుంచే దింపుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివి నెక్స్ట్ కొట్టండి.

హోస్టింగ్ వాళ్లు పంపిన మెయిల్‌లో నాలుగు వివరాలు ఉంటాయి: హోస్ట్ అంటే సర్వర్ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పోర్టు అంటే సర్వర్‌లోకి వెళ్లే గుమ్మం నంబరు లాంటిది. ఎస్‌ఎఫ్‌టీపీకి పోర్టు మామూలుగా 22, ఎఫ్‌టీపీకి 21. వీటిని పై వరుసలో నింపి క్విక్‌కనెక్ట్ నొక్కడమే. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు 'ఈ సర్వర్ నాకు తెలియదు, నమ్మమంటారా' అన్నట్టు ఒక బాక్స్ వస్తుంది. కంగారు పడకండి. అందులో ఉన్నది సర్వర్ వేలిముద్ర లాంటిది. హోస్టింగ్ వాళ్ల పేజీలో ఆ అక్షరాలు ఇచ్చి ఉంటే పోల్చి చూసుకుని ఓకే చెప్పండి. తర్వాత ఎప్పుడైనా ఆ వేలిముద్ర మారిందని హెచ్చరిక వస్తే మాత్రం ఆగి, హోస్టింగ్ వాళ్లని అడగండి. ఇంకొకటి, నెట్ సెంటర్ కంప్యూటర్‌లో అయితే పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు.

[తెర: రెండు భాగాలు. ఎడమవైపు ల్యాప్‌టాప్ ఫోల్డర్లు, కుడివైపు సర్వర్ ఫోల్డర్లు.]

ఇప్పుడు తెర రెండుగా ఉంది చూడండి. ఎడమవైపు మన ఇల్లు, కుడివైపు అద్దె చోటు. కుడివైపు చాలా ఫోల్డర్లు కనిపిస్తాయి. మనకి కావలసింది ఒక్కటే. చాలా హోస్టింగుల్లో దాని పేరు పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్, కొన్నిచోట్ల హెచ్‌టీడాక్స్. దాని లోపల పెట్టినదే లోకానికి కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 'పచ్చళ్లు' ఫోల్డర్‌ని పట్టుకుని అలాగే కుడివైపుకి లాగేస్తారు. అప్పుడు సైట్ అడ్రస్ కొడితే పేజీ రాదు, అడ్రస్ చివర ఫోల్డర్ పేరు కూడా కొడితేనే వస్తుంది. కాబట్టి ఫోల్డర్ తెరిచి, లోపల ఉన్నవన్నీ సెలెక్ట్ చేసి లాగండి. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఉండాలి, అన్నీ స్మాల్ లెటర్స్‌లో. అడ్రస్ కొట్టగానే సర్వర్ ముందు వెతికేది ఆ పేరునే. హోస్టింగ్ వాళ్లు 'త్వరలో వస్తుంది' అని పెట్టిన పేజీ ఏదైనా అక్కడుంటే దాన్ని తీసేయండి.

[షాట్: కింది వరుసలో ఫైళ్లు ఒక్కొక్కటిగా వెళ్తున్నాయి.]

వెళ్తున్నాయి. మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగినా వెళ్లని ఫైళ్లు కింద ఫెయిల్డ్ ట్రాన్స్‌ఫర్స్‌లో చేరతాయి. వాటిని మళ్లీ వరుసలో పెట్టి పంపొచ్చు. ఒక్కోసారి ఫైల్ సగమే చేరుతుంది. ఫొటో పై సగం కనిపించి కింద బూడిద రంగు వస్తే అదే కారణం. వ్యూ మెనూలో డైరెక్టరీ కంపారిజన్ ఉంది, సైజుని బట్టి పోల్చమని పెట్టండి. ఒకవైపే ఉన్న ఫైల్ పసుపు రంగులో, సైజు తేడా ఉన్నది ఎరుపులో చూపిస్తుంది. నేను ప్రతి అప్‌లోడ్ తర్వాతా ఇది చూస్తాను.

[తెర: బ్రౌజర్‌లో సైట్. కొన్ని ఫొటోల చోట ఖాళీ చట్రాలు.]

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటిసారి నేను అన్నీ సరిగ్గానే పంపాను. సైట్ తెరిచాను. 11 ఫొటోల్లో 7 వచ్చాయి, 4 రాలేదు. గోంగూర జాడీ ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు. సర్వర్‌లో చూస్తే ఫైల్ ఉంది. మళ్లీ పంపాను, రాలేదు. చెరిపేసి పంపాను, రాలేదు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మాత్రం అన్నీ వస్తున్నాయి. అర్ధరాత్రి దాటింది, టెన్షన్ మొదలైంది. తెల్లారితే లింక్ పంపుతానని పిన్నికి అమ్మ చెప్పేసింది.

చివరికి ఆ నాలుగు ఫైళ్ల పేర్లు, కోడ్‌లో నేను రాసిన పేర్లు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. ఆ నాలుగూ అన్నయ్య పాత కెమెరాతో తీసిన ఫొటోలు. ఆ కెమెరా ఫైల్ పేరు చివర జేపీజీ అనే మూడక్షరాల్ని క్యాపిటల్‌లో పెడుతుంది. నేను కోడ్‌లో స్మాల్‌లో రాశాను. మిగతా ఏడూ వాట్సాప్‌లో వచ్చినవి, వాటికి స్మాల్ లెటర్సే ఉన్నాయి.

[తెర: రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి. చివరి మూడక్షరాల చుట్టూ ఎర్ర గీత.]

విండోస్‌కి క్యాపిటల్ అయినా స్మాల్ అయినా ఒకటే పేరు. సర్వర్లలో ఎక్కువ భాగం నడిచే లినక్స్‌కి అవి రెండు వేరు వేరు ఫైళ్లు. అందుకే ఇంట్లో తప్పు కనిపించదు. మీ సైట్‌లోనూ కొన్ని ఫొటోలు వచ్చి కొన్ని రాకపోతే ముందు పేర్లు చూడండి. నేనిప్పుడు ప్రతి ఫైల్‌కీ స్మాల్ లెటర్స్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా పేరు పెడుతున్నాను.

ఫొటో దారి కూడా చూసుకోండి. కోడ్‌లో సీ డ్రైవ్ అని మొదలయ్యే అడ్రస్ ఉంటే అది మీ ల్యాప్‌టాప్‌కే అర్థమవుతుంది. 'ఫొటోలు ఉన్న ఫోల్డర్ పేరు, స్లాష్, ఫైల్ పేరు', అంతవరకే రాయాలి. స్లాష్ ముందుకి వాలినదే వాడాలి.

తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తే, ఫైల్‌ని యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలో సేవ్ చేసి, పేజీ మొదట్లో ఆ సంగతి చెప్పే మెటా లైన్ పెట్టండి. పేజీ బదులు 403 అని, అంటే చూడ్డానికి అనుమతి లేదని వస్తే, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి పర్మిషన్స్ చూడండి. ఆ ఫైల్‌ని ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే నంబర్లవి. ఫైళ్లకి 644, ఫోల్డర్లకి 755 మామూలుగా సరిపోతాయి. ఏం చేయాలో తోచక 777 పెట్టొద్దు. ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా మీ ఫైల్‌ని మార్చేసే వీలుంటుంది.

[షాట్: వంటగది. అమ్మ చేతిలో ఫోన్, తెర మీద సైట్.]

అమ్మ నాలుగు పేజీలూ నిదానంగా చదివింది. "మాగాయ అర కేజీ 230 రా, 320 వేశావు" అంది.

మార్పు ఎప్పుడూ ముందు మన ల్యాప్‌టాప్‌లోని ఫైల్‌లో చేయాలి. నేరుగా సర్వర్‌లో మారిస్తే, తర్వాత ఎప్పుడో ఇంట్లోని పాత ఫైల్‌ని పంపి మన దిద్దుబాటుని మనమే తుడిచేస్తాం. ధర మార్చాను, సేవ్ చేశాను, ఆ ఒక్క ఫైల్‌నే లాగాను. 'ఇదే పేరుతో ఫైల్ ఉంది' అని అడిగింది, ఓవర్‌రైట్ అన్నాను. అయినా అమ్మ ఫోన్‌లో ఇంకా 320 ఉంది. బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ అది. ల్యాప్‌టాప్‌లో అయితే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే చాలు. ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో తెరిచాను.

[దగ్గరి షాట్: ఫోన్ తెర. మాగాయ అర కేజీ, 230 రూపాయలు.]

"ఆఁ, ఇప్పుడు పిన్నికి పంపు" అంది అమ్మ.