చూపు తల వెనక ఉంటుంది

అందరికీ నమస్కారం.

చిక్కడపల్లి లైబ్రరీలో నిలబడి ధ్యాస గురించి మాట్లాడటం కొంచెం సాహసమే. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని, రాత్రి దాకా గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇక్కడున్నారు. ధ్యాస ఎలా నిలుస్తుందో, ఎంత తేలిగ్గా జారిపోతుందో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పబోయేది మెదడు వైపు కథ.

ముందు తల వెనక, మెడకి కాస్త పైన చెయ్యి పెట్టి చూసుకోండి. చిన్న బొడిపె తగులుతుంది. ఆ ఎముక లోపల, అటూ ఇటూ ఉన్న మెదడు పొరే విజువల్ కార్టెక్స్. కళ్లు ముందున్నాయి, చూపు తయారయ్యే చోటు మాత్రం వెనక ఉంది. తల వెనక గట్టి దెబ్బ తగిలితే చుక్కలు కనపడ్డాయి అంటాం కదా, ఆ చుక్కలు కంట్లోవి కావు. ఈ పొర అదిరితే వచ్చినవి.

ఈ సంగతి వివరంగా తెలిసింది యుద్ధాల పుణ్యమా అని. 1904-05లో రష్యా, జపాన్ కొట్టుకున్నాయి. కొత్తగా వచ్చిన రష్యన్ తుపాకుల తూటాలు సన్నగా, మహా వేగంగా ఉండేవి. పుర్రెలో ఒక పక్క దూరి ఇంకో పక్క నుంచి బయటికి పోయినా, కొందరు సైనికులు బతికి బయటపడేవారు. తత్సుజీ ఇనోయె అనే కంటి డాక్టర్‌కి అప్పగించిన పని అచ్చమైన సర్కారీ పని. ఎవరికి ఎంత చూపు పోయిందో కొలిచి పెన్షన్ తేల్చడం. ఆయన పెన్షన్ తేల్చి ఊరుకోలేదు. తూటా దూరిన చోటు, బయటికొచ్చిన చోటు కొలిచి, మధ్యలో మెదడులో ఏ భాగం పోయి ఉంటుందో లెక్కగట్టాడు. ఆ మనిషికి ఎదురుగా ఏ మూల కనపడటం లేదో దానితో సరిపోల్చాడు. 1909లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

తేలిందేమిటంటే, మన ఎదురుగా ఉన్న దృశ్యం మొత్తం ఆ పొర మీద ఒక మ్యాప్‌లా పరుచుకుని ఉంది. అయితే ఆ మ్యాప్‌కి న్యాయం తెలియదు. చూపు నడిమధ్యలో ఉండే కాస్త మేరకే దాదాపు సగం జాగా పోతుంది. తెలంగాణ మ్యాప్ గీస్తూ సగం కాగితం హైదరాబాద్‌కే ఇచ్చేసినట్టు. జిల్లాలవాళ్లు ఎప్పుడూ అనేది అదేననుకోండి, అది వేరే మీటింగు.

చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. మీకు నిజంగా స్పష్టంగా కనపడేది ఇంచుమించు ఆ గోరంత మేరే. చుట్టూ ఉన్నదంతా మసకే. అయినా ఈ హాలంతా స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తోంది. ఎందుకంటే కన్ను ఒకచోట నిలవదు. సెకనుకి సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతూనే ఉంటుంది. దూకేటప్పుడు దృశ్యం అలికినట్టయ్యే మసకని మెదడు మనదాకా రానివ్వదు. అద్దం ముందు నిలబడి ఒక కంటిని చూసి, తర్వాత రెండో కంటిని చూడండి. మీ కళ్లు కదలడం మీకు మాత్రం కనపడదు. పక్కనున్నవాళ్లకి కనపడుతుంది.

చేతులు ఇంకా దించకండి, ఇంకో తమాషా ఉంది. రెండు బొటనవేళ్లూ పక్కపక్కనే పెట్టి చేతులు ముందుకు చాచండి. ఎడమ కన్ను మూయండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, కుడి చేతిని మెల్లగా కుడి వైపుకి జరపండి. జానెడు కన్నా కాస్త తక్కువ దూరం జరిగేసరికి కుడి బొటనవేలి కొస మాయమవుతుంది. కుడి వేలిని చూడకూడదు, చూస్తే అయిపోయింది. వెనక వరసలో అమ్మగారికి దొరికినట్టుంది, నవ్వుతున్నారు. కంటి నరం బయటికి వెళ్లే చోట రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, వెలుగుని పట్టే కణాలు లేవు. అందుకే ఆ మాయం. నేను చూడమనేది వేలు పోవడం కాదు. వేలు పోయిన చోట నల్లటి మచ్చేమైనా కనపడిందా? లేదు. గోడే కనపడింది. అక్కడి నుంచి ఏ సమాచారమూ రాకపోయినా, చుట్టుపక్కల చూసి మెదడు పూడ్చేసింది. పూడ్చినట్టు మీకు చెప్పనూ లేదు.

1950ల చివర్లో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజల్ అనే ఇద్దరు పిల్లి విజువల్ కార్టెక్స్‌లో ఒక్కో న్యూరాన్, అంటే మెదడు కణం, ఇచ్చే విద్యుత్ సంకేతాల్ని మోతగా మార్చి వింటూ కూర్చున్నారు. చుక్కలు చూపిస్తే న్యూరాన్ ఉలకలేదు, పలకలేదు. గాజు స్లైడ్ మారుస్తుంటే దాని అంచు నీడ తెర మీద గీతలా కదిలింది, అంతే, టకటకమని మోత. ఒక్కో కణానికి ఒక్కో వాలు గీతే ఇష్టమని అలా బయటపడింది. 1981లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి సమాచారం ముందుకు పోయే కొద్దీ పని విడిపోతుంది. రంగుకి ఒకచోట, కదలికకి ఒకచోట, ముఖాలకి ఒకచోట ప్రత్యేకంగా పనిచేసే భాగాలున్నాయి.

కదలిక చూసే భాగం ఒక్కటే పోతే ఎలా ఉంటుందో, అలా పోయిన ఒకావిడ గురించి 1983లో జర్మనీ పరిశోధకులు రాశారు. ఆవిడకి రంగులు తెలుస్తాయి, మనుషుల్ని గుర్తుపడుతుంది, చదువుతుంది. కప్పులో టీ పోసుకోవడం మాత్రం రాదు. పడుతున్న ధార గడ్డకట్టినట్టు కనపడేది, కప్పు నిండటం కనపడేది కాదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు, దాటబోయేసరికి ఉన్నట్టుండి పక్కనుండేది. మన మెహిదీపట్నం రోడ్డు దాటడం ఆవిడకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా మనకే అది అంతంతమాత్రం.

ఇక ధ్యాస దగ్గరికి వద్దాం. ముందు చూస్తాం, తర్వాత అందులో కావలసినదాని మీద ధ్యాస పెడతాం అనుకుంటాం. మెదడులో వరస అలా లేదు. 1985లో మోరాన్, డెసిమోన్ కోతుల మీద చేసిన ప్రయోగం చూడండి. ఒకే న్యూరాన్ పరిధిలో రెండు వస్తువులు పెట్టారు. కోతి కన్ను కదపకుండా, ధ్యాస మాత్రం ఒకదాని మీద పెట్టాలి. అప్పుడా న్యూరాన్ రెండోది అసలు అక్కడ లేనట్టే ప్రవర్తించింది. కంటికి రెండూ పడుతున్నాయి, కార్టెక్స్‌లో ఒకటే మిగిలింది. తర్వాత మనుషుల్లో స్కానింగ్‌లు చేస్తే, తల వెనకున్న ఆ మొట్టమొదటి పొర దగ్గరే ధ్యాస ప్రభావం కనపడింది. 2002లో దానికీ ముందున్న మజిలీ, థాలమస్ దగ్గర కూడా కనపడింది. అంటే ధ్యాస వెనక నుంచి వచ్చి ఏరుకునేది కాదు, చూపు తయారవుతున్నప్పుడే అందులో చెయ్యి పెడుతుంది.

బంతి ఆటలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వెళ్లే 1999 నాటి ప్రయోగం మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టేవాళ్లలో దాదాపు సగం మందికి గొరిల్లా కనపడలేదు. నాకు అంతకన్నా టెన్షన్ పెట్టేది 2013లో వచ్చిన ఇంకో ప్రయోగం. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో చిన్న గడ్డలు వెతకమని రేడియాలజిస్టులకి ఇచ్చారు. చివరి స్కాన్‌లో, మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మ పెట్టారు. 24 మంది నిపుణుల్లో 20 మంది చూడలేదు. వాళ్ల కళ్లు ఎటు తిరిగాయో కూడా నమోదు చేశారు. ఆ 20 మందిలో 12 మంది కన్ను సరిగ్గా గొరిల్లా మీదే పడింది.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి గుద్దేసి "కనపడలేదు సార్" అంటాడు డ్రైవర్. చుట్టూ జనం "అంత బండి కనపడలేదా, కళ్లు నెత్తికెక్కాయా" అంటారు. అతను అబద్ధమాడుతున్నాడని నేను అనుకోను. కారు వస్తుందా అని చూసే ధ్యాసలో స్కూటర్‌కి చోటు దొరకలేదు. అలాగని అతన్ని వదిలెయ్యమనీ అనను. ఫోన్ మాట్లాడుతూ నడిపితే ఈ గుడ్డితనం పెరుగుతుందని పదేపదే తేలింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని చేతులు ఖాళీగా ఉంచుకున్నా అంతే. ఆక్రమించేది చేతుల్ని కాదు కదా.

మెదడు కుడి వైపు, చెవికి పైన కాస్త వెనగ్గా ఉండే భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క లోకమే లేకుండా పోతుంది. కంచంలో కుడి సగం తిని ఎడమ సగం వదిలేస్తారు. గడ్డం ఒకవైపే గీసుకుంటారు. 1978లో ఇటలీ పరిశోధకులు ఇలాంటివారిని మిలాన్ చర్చి ముందు కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. మన ఊరికి మార్చి చెప్పుకుంటే, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ వైపు తిరిగి నిలబడ్డట్టు ఊహించుకోమంటే లాడ్ బజార్ ఊసే ఎత్తరు. అది ఎడమ పక్క కాబట్టి. మనసులోనే వెనక్కి తిరగమంటే లాడ్ బజార్ కుడికి వస్తుంది, దాన్ని చక్కగా చెబుతారు. ఇప్పుడు యునానీ ఆసుపత్రి మాయమవుతుంది. జ్ఞాపకం చెక్కుచెదరలేదు, అందులో ఎడమ వైపుకి ధ్యాస పోవడం లేదు.

చివరగా, చిన్నపిల్లలున్నవాళ్ల కోసం ఒక మాట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, పుట్టగానే ఏడవక ఆక్సిజన్ అందని పిల్లల్లో, చక్కెర బాగా పడిపోయిన పిల్లల్లో కళ్లు బాగానే ఉండి, మెదడులో చూపు దారి దెబ్బతినవచ్చు. పరీక్ష చేసి "కళ్లు బాగున్నాయి" అంటారు, బిడ్డ మాత్రం మొహంలోకి చూడదు. ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు. ఇలాంటి పిల్లలకి ఒక్క బొమ్మ, సాదా దుప్పటి మీద పెట్టి, కాస్త కదిపితే కనపడుతుంది. పది బొమ్మలు పోస్తే ఒక్కటీ కనపడదు. టీవీ మోతలో ఇంకా కష్టం. చిన్న వయసులో కార్టెక్స్ ఇంకా రూపు దిద్దుకుంటూ ఉంటుంది కాబట్టి సాయం అప్పుడే అందాలి. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అనే మాట వినకండి. పిల్లల విభాగం ఉన్న కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పురిటి కాగితాలు, ఎంఆర్ఐ తీసి ఉంటే అదీ పట్టుకెళ్లండి, డాక్టర్ ముందు అడిగేది వాటినే.