పెద్ద లాల

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మాయికి ఏడాదిన్నర వయసప్పుడు మొదటిసారి సముద్రం చూపించాం. విశాఖ ఆర్కే బీచ్‌లో, కాళీమాత గుడికి ఎదురుగా, తడి ఇసుకలో నిలబెట్టాం. ఒక అల వచ్చి పాదాలు తడిపి వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమోనని మా ఆవిడ ఎత్తుకోబోయింది. ఏడవలేదు. నా ప్యాంటు గుప్పిట్లో పట్టుకుని కాసేపు అలాగే చూసి, నీళ్ళ వైపు చెయ్యి చాపి "పెద్ద లాల" అంది.

లాల అంటే చంటిపిల్లల భాషలో స్నానమని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ప్లాస్టిక్ టబ్బులో రోజూ లాల పోసుకునే పిల్లకి బంగాళాఖాతం పెద్ద లాల అయింది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో సముద్రానికి అదే పేరు. "సాయంత్రం పెద్ద లాలకి వెళ్దామా?" అని మేమూ అనేవాళ్ళం. ఎప్పుడు మానేశామో గుర్తులేదు. ఒకరోజు తను "బీచ్‌కి వెళ్దాం నాన్నా" అని ఉంటుంది. మేం గమనించలేదు.

ఇప్పుడు తనకి 22 ఏళ్ళు. బెంగళూరులో ఉద్యోగం. నేను రోజూ పొద్దున్న అదే బీచ్‌రోడ్డు మీద నడుస్తాను. ఆదివారాలు అక్కడ చిన్నపిల్లల్ని తీసుకొచ్చిన కుర్రజంటలు కనిపిస్తారు. పిల్ల ఇసుకలో పడుతుంది, లేస్తుంది, తల్లి చున్నీతో ముక్కు తుడుస్తుంది. నా నడక ఆగిపోతుంది. గుండెలో ఏదో మెలిపెట్టినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "నాకూ అంతే, నేను పైకి చెప్పను" అంది. పెళ్ళిళ్ళలో కలిసే మా వయసువాళ్ళందరూ ఇదే మాట. పిల్లలు బాగున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఏ లోటూ లేదు. అయినా వాళ్ళు చిన్నగా ఉన్న రోజుల మీద బెంగ. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న కొడుకుని చూస్తూ, ఆ కొడుకు కోసమే బెంగపడే తల్లుల్ని నేను చూశాను.

ఈ బెంగ గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

మన తెలుగు ఇళ్ళలో పసిపిల్లలు చేసే ప్రతి కొత్త పనికీ ఒక పిండివంట ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. మా ఇంట్లో ఇవన్నీ మా అమ్మ చేసింది. ఆరో నెలలో అన్నప్రాశన, తర్వాత సింహాచలం అప్పన్న దగ్గర పుట్టువెంట్రుకలు. వచ్చినవాటిని అంత శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నాం. వెళ్ళిపోయినవాటి సంగతి ఎవరికీ తెలియదు. బువ్వ, బజ్జో, జేజ, లాల, బూచి... ఇదొక నిండైన భాష. రెండు మూడేళ్ళు ఇంట్లో పెద్దా చిన్నా అందరూ అదే మాట్లాడతారు. మా నాన్నగారు ఎంతో గంభీరమైన మనిషి, ఆయన కూడా మనవరాలి దగ్గర "బువ్వ తిందువుగాని రా" అనేవారు. తర్వాత ఒక్కొక్క మాటా చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది.

ఆ రోజులన్నీ తియ్యగా ఉండేవని నేను చెప్పను. నాది గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. సీ షిఫ్టు అంటే రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా. ఇంటికొచ్చి, టిఫిన్ తిని, ఏడున్నరకి పడుకుంటే అప్పుడే పిల్ల లేచేది. తనకి మూడో ఏడు నడుస్తున్నప్పుడు మా ఆవిడ జగదాంబ జంక్షన్‌లో ఎర్రటి బూట్లు కొంది. మడమ కింద చిన్న పీక ఉండి, అడుగు వేసినప్పుడల్లా కీచుమనేవి. పిల్లకి అవంటే ప్రాణం. నాకు నిద్ర పట్టేది కాదు. "ఆ బూట్లు విప్పించు" అని గదిలోంచి అరిచేవాణ్ణి. ఒక్కోసారి గట్టిగానే అరిచేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం మెలకువ వచ్చి బయటికొచ్చాను. వసారాలో మా అమ్మాయి వట్టికాళ్ళతో, మునివేళ్ళ మీద నడుస్తోంది. రెండు బూట్లూ రెండు చేతుల్లో ఉన్నాయి. నన్ను చూసి ఆగింది. ఒక బూటు చంకలో పెట్టుకుని, వేలు పెదాల మీద పెట్టి, నాతోనే రహస్యంగా అంది: "ష్... నాన్న బజ్జున్నాడు."

అప్పుడు ముద్దొచ్చి ఎత్తుకున్నాను. అంతవరకే. ఇప్పుడు ఆ దృశ్యం వేరుగా కనిపిస్తుంది. ఇంట్లో ఒక పెద్దమనిషి నిద్రపోవడం కోసం మూడేళ్ళు నిండని పిల్ల తన చప్పుడు తన చేతుల్లో పట్టుకుని తిరిగింది. ఇవాళ మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ఫ్రిజ్ ఆగిపోయినా తెలుస్తుంది. ఆ కీచుమనే చప్పుడు ఒక్కసారి వినిపిస్తే ఎంత నిద్రనైనా వదులుకుంటాను.

ఇక 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఉన్న ఎవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. మా ముందుగది కిటికీ అద్దాలు పగిలిపోయాయి. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. మేం ముగ్గురం వంటగదిలో తలుపేసుకుని కూర్చున్నాం. తర్వాత కరెంటు లేని రోజులు, మంచినీళ్ళ కోసం లైన్లు, రోడ్లకి అడ్డంగా పడిన చెట్లు. ఆ హడావుడిలో అలమర కింది అరలో ఉన్న ఫోటో ఆల్బమ్ సంగతి ఎవరికీ తట్టలేదు. నాలుగైదు రోజుల తర్వాత తీస్తే నీళ్ళు కారింది. ప్లాస్టిక్ కవర్లకి ఫోటోలు అతుక్కుపోయాయి. మా ఆవిడ నేల మీద పాత దినపత్రికలు పరిచి, ఒక్కొక్కటీ గోటితో మెల్లగా విడదీసింది. కాగితం చేతికొచ్చేది, రంగు ప్లాస్టిక్‌కే ఉండిపోయేది. బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు... తెల్ల కాగితాలు, వాటి మీద అక్కడక్కడ గులాబీ రంగు మరకలు.

ఒకే ఒక్క ఫోటో సగం మిగిలింది. 2006లో కురుసుర దగ్గర తీసింది. 1969లో నేవీలో చేరి, 31 ఏళ్ళు సముద్రంలో తిరిగి, 2002 నుంచి మన బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలబడిన సబ్‌మెరైన్ అది. ఆ సగం ఫోటోలో దాని నల్లటి పొట్ట ఉంది, కింద మూలన ఒక చిన్న కాలు, ఆ కాలికి ఎర్ర బూటు ఉన్నాయి. పైన పిల్ల ముఖం లేదు. ఆరోజు "ఇది చేపా నాన్నా?" అని అడిగింది. ఇనుప చేప అన్నాను. "మరి దీనికి ఎవరు బువ్వ పెడతారు?" అంది. ఇది ఏ ఫోటోలోనూ పడే సంగతి కాదు.

కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "ఈ కాలు నాదేనా? నాకేమీ గుర్తులేదు నాన్నా" అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేం ముగ్గురం బతికిన రోజులు కదా, అందులో ఒక మనిషికి అసలు లేవా?

తర్వాత దీని గురించి చదివాను. శైశవ విస్మృతి అంటారట. పెద్దవాళ్ళలో చాలామందికి మొట్టమొదటి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ళ వయసుది. అంతకుముందువి ఉండవు, ఉన్నా ఒకటీ అరా. హుద్‌హుద్ వచ్చిన ఆ 2014లోనే టొరంటోలో శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో పసితనంలో కొత్త కణాలు చాలా వేగంగా పుడతాయి. అవి పాత అల్లికలో చొరబడి దాన్ని మార్చేస్తాయి, దాంతో పాత జ్ఞాపకాలు చెదిరిపోతాయి. కొత్త కణాలు పుట్టడం తగ్గిస్తే ఎలుక పిల్లలు నేర్చుకున్నది ఎక్కువ రోజులు గుర్తు పెట్టుకున్నాయి. మనుషుల్లో కారణం ఇదొక్కటే అని అనుకోనక్కర్లేదు, భాష రాకపోవడం లాంటివీ ఉంటాయి. కానీ నాకు ఇది చదివాక కొంత ఊరట కలిగింది. పిల్ల మర్చిపోయింది నిర్లక్ష్యంతో కాదు, ఎదుగుతూ ఎదుగుతూ మర్చిపోయింది. నడక నేర్పిన వేలు గుర్తులేదు, నడక ఉండిపోయింది.

అయితే ఆ మూడేళ్ళూ ఎవరి దగ్గర ఉన్నట్టు? దానికి జవాబు నాకు మా అమ్మ పోయాక తెలిసింది.

మా అమ్మ నా గురించి ఒక కథ చెప్పేది. నాకు రెండేళ్ళప్పుడు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు బేరమాడుతుంటే చెయ్యి విడిపించుకుని పోయానట. "మార్కెట్టంతా ఏడుస్తూ తిరిగాన్రా. తీరా చూస్తే పూలావిడ బుట్ట పక్కన కూర్చుని చామంతి రేకులు ఒక్కొక్కటే పీకుతున్నావు. నా గుంటడు ఏడవనైనా ఏడవలేదు" అనేది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పెళ్ళయ్యాక మా ఆవిడకి చెప్పింది, మనవరాలికి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది. "అమ్మా, ఇది చాలాసార్లు చెప్పావు" అని నేను విసుక్కునేవాణ్ణి.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ మార్కెట్ నాకు కనిపిస్తుంది. పసుపు చామంతులు, తడి గోనెసంచి. అందులో నేను నాకు వీపు వైపు నుంచి కనిపిస్తాను. నిక్కరు వేసుకున్న చిన్న వీపు. అంటే అది అమ్మ చూసినట్టుగా కనిపిస్తోంది. అమ్మ కళ్ళతో చూసింది నా జ్ఞాపకం అయింది.

2019లో అమ్మ పోయింది. నాన్నగారు అంతకుముందే పోయారు. నా ఎడమ మోకాలి కింద ఒక పాత మచ్చ ఉంది. కర్మకాండలు అయిన కొన్నాళ్ళకి, స్నానం చేస్తుంటే, ఇది ఎలా తగిలిందో అమ్మని అడగాలి అనుకున్నాను. అనుకున్న మరుక్షణం తెలిసింది, ఇక చెప్పేవాళ్ళు ఎవరూ లేరని. నా మొదటి మూడేళ్ళలో నాకు మిగిలినవి అమ్మ పదే పదే చెప్పిన నాలుగు కథలు. మిగతావన్నీ ఆవిడతోనే వెళ్ళిపోయాయి. నేను విసుక్కున్నప్పుడల్లా ఆవిడ నా సొత్తు నాకు అప్పజెబుతూ ఉంది.

అందుకే నాకనిపిస్తుంది, పిల్లల చిన్నతనం మీద మనకి కలిగే ఈ బెంగ ఊరికే వచ్చేది కాదని. వాళ్ళ వస్తువు మన దగ్గర ఉండిపోయింది. దాచిపెట్టుకుని కుమిలిపోతే ఎవరికీ దక్కదు. చెప్పాలి.

చెప్పడంలో కూడా పద్ధతి ఉంది. "చిన్నప్పుడు ఎంత ముద్దుగా ఉండేదానివో, ఎంత మాట వినేదానివో" అంటే, ఎదిగిన పిల్లకి ఇప్పుడు నేను బాగోలేనా అన్నట్టు తగులుతుంది. మా అమ్మాయి ముఖంలో ఒకసారి అది చూశాను, మళ్ళీ ఆ మాట అనలేదు. పొగడ్తలు వద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ వీధి, ఏ వేళ, నువ్వు ఏమన్నావు, నేనేమన్నాను. నేను అరిచిన రోజులు కూడా చెప్పాను. ఎర్ర బూట్ల సంగతి చెబుతున్నప్పుడు నా గొంతు పట్టేస్తే తను లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళు పరిశోధన చేశారు. జరిగిన సంగతుల్ని తల్లులు వివరంగా, ప్రశ్నలడుగుతూ మాట్లాడే ఇళ్ళలో పిల్లలకి ఇంకా చిన్న వయసు జ్ఞాపకాలు కూడా నిలుస్తున్నాయి. అక్కడి మావోరీ ప్రజలకి మొదటి జ్ఞాపకం సగటున మూడేళ్ళు నిండకముందుదే. వాళ్ళ ఇళ్ళలో గడిచిన కాలం గురించి చెప్పుకోవడం పెద్ద సంప్రదాయం. మనకీ ఉండేది, రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు. ఇప్పుడు ఫోన్లో వేల ఫోటోలున్నాయి, పక్కన కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో చెప్పే మనిషి కావాలి. పసిపిల్లలున్న తల్లిదండ్రులు ఒక నోటు పుస్తకం పెట్టుకుని, పిల్లలు సొంతంగా కట్టిన మాటలు తేదీతో సహా రాసుకోండి. మేం రాసుకోలేదు. మాకు మిగిలినవి పదో పన్నెండో.

నా వయసువాళ్ళకి మరొక్క మాట. నిద్రలేని కళ్ళతో ఉన్న బాలింతని పట్టుకుని "ఈ రోజులు మళ్ళీ రావమ్మా, బాగా అనుభవించు" అనకండి. ఆ రోజులు ఎంత కష్టమో మనం మర్చిపోయాం. పిల్లని ఒక గంట ఎత్తుకుని, ఆ అమ్మాయిని పడుకోనివ్వండి. మన బెంగ కూడా ఆ గంటలో కాస్త తీరుతుంది.

ఈ ఏడాది నుంచి ప్రతి ఆదివారం మా అమ్మాయికి ఫోన్లో ఒక సంగతి చెబుతున్నాను. మొదట్లో నేను చెబితే వినేది. ఇప్పుడు తనే "ఇంకొకటి చెప్పు నాన్నా" అంటుంది. పోయిన ఆదివారం నడకలో ఉండగా ఫోన్ వచ్చింది. గాలికి మాట సరిగా వినిపించలేదు. "ఎక్కడున్నావు?" అని అడిగింది. బీచ్‌రోడ్డు మీద అన్నాను.

"పెద్ద లాల ఎలా ఉంది?" అంది.

నాకు మాట రాలేదు. రోడ్డు దాటి, మెట్లు దిగి, ఇసుకలోకి నడిచి, ఫోన్ అలల వైపు తిప్పి పట్టుకున్నాను.