పిల్లి జబ్బు పైకి కనబడదు

శ్రోతలకు నమస్కారం.

మన నల్లగొండ, పాలమూరు ఊర్లలో పశువుల దవాఖాన అంటే బర్రెలకు, గొర్లకు, మేకలకే అనుకుంటారు. పిల్లిని పట్టుకొని పోతే నలుగురూ నవ్వుతారేమోనని జంకేవాళ్లు ఇంకా ఉన్నారు. జంకొద్దు. వడ్ల బస్తాల దగ్గర ఎలుకల్ని పట్టే జీవికి వైద్యం అడగడంలో నామోషీ ఏముంది?

పిల్లితో చిక్కేమిటంటే, అది జబ్బును దాచుకుంటుంది. బర్రెకు బాగోలేకపోతే నెమరు ఆపుతుంది, మనకు తెలిసిపోతుంది. పిల్లి మాత్రం ఏ మంచం కిందో ముడుచుకొని పడుకుంటుంది. నిద్రపోతుందిలే అనుకుంటాం. అందుకే బాగున్నప్పుడే ఏడాదికోసారి డాక్టరుకు చూపించండి. పదేళ్లు దాటితే ఆరు నెలలకోసారి. ముసలి పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతూ చిక్కిపోతుంటే వయసు మీద పడిందని వదిలేయకండి. మూత్రపిండాల జబ్బో, షుగరో కావచ్చు. రక్తపరీక్షలో తేలుతుంది.

మగపిల్లి ఉన్నవాళ్లు ఈ మాట బాగా వినాలి. అది మాటిమాటికీ మట్టిలో కూర్చొని ముక్కుతుంది, అరుస్తుంది, చుక్క మూత్రం రాదు. మలబద్ధకమనుకొని ఆముదం పోసేవాళ్లున్నారు. పోయకండి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. ఇసుకలాంటి పలుకులు అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. మన ఎండలు తెలిసినవే కదా, ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టండి. నీళ్లు బాగా తాగే పిల్లికి ఈ ముప్పు తక్కువ.

జ్వరమొచ్చిందని పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఆ మందు విషాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క మాత్ర చాలు చంపడానికి. ప్రేమతో వేసే మందే ప్రాణం తీయడం కంటే బాధ ఏముంటుంది? కుక్కల గోమార్లకు పూసే పెర్మెత్రిన్ మందూ పిల్లికి విషమే.

పాలన్నంతోనే పెంచితే టారిన్ అనే పోషకం అందక కళ్లు, గుండె దెబ్బతింటాయి. టారిన్ దొరికేది మాంసంలో, చేపలో. ఉల్లిగడ్డ, కారం లేకుండా ఉడికించి పెట్టండి.

ఇక టీకాలు. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. వాంతులు, విరేచనాలతో కూనల్ని తీసుకుపోయే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు నుంచి కాపాడేవి అవే. మూడు నెలలు నిండాక రేబీస్ సూది, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ. ఇది మన పిల్లల కోసం కూడా. పిల్లి కరిచినా, రక్కినా పసర్లు పూయకుండా, పుండును సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే మనుషుల దవాఖానకు పోవాలి.

పిల్లిని గోనెసంచిలో మూటగట్టి తీసుకుపోకండి, ఊపిరాడదు. గాలి తగిలే మూత బుట్టలో, అది రోజూ పడుకునే పాతగుడ్డ పరిచి తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి తినడం లేదో, మూత్రం ఎప్పుడు పోసిందో గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.