సుంకి ఘాట్‌లో ఆగిపోయిన పికప్: 650 రూపాయల స్కానర్ ఎంతవరకు పనికొచ్చింది?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది 650 రూపాయలకి కొన్న బ్లూటూత్ స్కానర్, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివేది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరవడమే. నెల రోజులు వాడాను.

ముందు బండి సంగతి. మాది డీజిల్ పికప్. సెమిలిగుడలో అల్లం లోడు ఎత్తుకుని సాలూరు దిగుతుంటే సుంకి ఘాట్ మలుపులో ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడింది, ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనకాల లోడు లారీ. హెల్పర్ దిగి చక్రం కింద రాయి పెట్టేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అరగంట ఆగితే మామూలుగానే స్టార్ట్ అయింది. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు ఇదే తంతు.

ఒక గ్యారేజీలో డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంకోచోట పంపు విప్పాలన్నారు. అప్పుడు తెప్పించాను దీన్ని.

ఇదిగో స్క్రీన్ చూడండి: పి0335. క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ అని. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది ఇదే. క్రాంక్ అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, దాంతో పాటు ఒక పళ్ల చక్రం తిరుగుతుంది. చాలా బళ్లలో 60 పళ్లకి రెండు తీసేసి 58 ఉంచుతారు. ఆ ఖాళీని బట్టి క్రాంక్ ఎక్కడుందో లెక్క. సిగ్నల్ రాకపోతే డీజిల్ ఎప్పుడు కొట్టాలో తెలియదు, బండి ఆగిపోతుంది.

అయితే కోడ్‌లో 'సర్క్యూట్' అన్న మాట గుర్తుపెట్టుకోండి. సెన్సరే కావచ్చు, ఎలుక కొరికిన వైరు కావచ్చు, ఆయిల్ దిగిన కనెక్టర్ కావచ్చు. కోడ్ చూడగానే సెన్సర్ కొనేయడం తప్పు. స్కానర్ అసలు విలువ లైవ్ డేటాలో, అంటే అప్పటికప్పుడు కనిపించే రీడింగుల్లో ఉంది. బండి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం చూడండి. మామూలుగా 200 అటూఇటూ కనిపించాలి. నాకు సున్నా. అంటే సెల్ఫ్ తిప్పుతున్నా కంప్యూటర్‌కి తెలియట్లేదు. పంపు జోలికి వెళ్లక్కర్లేదని అక్కడే తేలిపోయింది.

ఇక్కడ స్కానర్‌లో లోపం ఒకటి చెప్పాలి. బ్యాటరీ వీక్‌గా ఉంటే సెల్ఫ్ కొట్టగానే బ్లూటూత్ తెగిపోతోంది. రెండుమూడు సార్లు ప్రయత్నించాలి.

తర్వాతి పని మల్టీమీటర్‌ది, అంటే వోల్టులు, ఓమ్స్ కొలిచే మీటర్‌ది. నా బండికి రెండు వైర్ల సెన్సర్, లోపల కాయిల్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 860 ఓమ్స్, మంచిదే అనిపించింది. ఇదిగో, ఘాట్ ఎక్కి ఆగిపోయిన చోటే మళ్లీ కొలిచాను. మీటర్‌లో ఓఎల్, అంటే లోపల దారి తెగిపోయిందని. కాయిల్ వేడికి విడిపోతోంది, చల్లారితే అతుక్కుంటోంది. గ్యారేజీకి వెళ్లేసరికి బండి చల్లారిపోయేది, అందుకే ఎవరికీ దొరకలేదు. దయచేసి వేడి మీదే కొలవండి. మీది మూడు వైర్ల సెన్సర్ అయితే హాల్ రకం, అంటే కాయిల్ బదులు అయస్కాంతాన్ని పసిగట్టే చిప్ ఉన్నది కావచ్చు. దానికి ఓమ్స్ పెట్టొద్దు, పాడయ్యే ప్రమాదం ఉంది. కరెంటు, ఎర్త్, సిగ్నల్ విడివిడిగా చూడాలి.

కొత్తది వేయడానికి నా బండిలో 10 నంబరు బోల్టు ఒకటే. పాత సెన్సర్ మొనకి ఇనుప రజను ఇంత అంటుకుని ఉంది, చూడండి. అది కూడా సిగ్నల్ చెడగొడుతుంది. గుంట తుడిచి బిగించాను. అప్పటినుంచి ఆరుసార్లు ఘాట్ దిగాను, ముల్లు ఒక్కసారి కూడా పడలేదు.

కొనొచ్చా అంటే, కొనండి. కానీ పక్కన మీటర్ లేకపోతే సగం పనే. ఇంకోటి, పని అయ్యాక సాకెట్ నుంచి పీకేయండి. బండి కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.