క్రైస్తవ వివాహానికి విడాకులు: సెక్షన్ 10, 10ఏ ఎలా చదవాలి

నమస్కారం. ఇప్పుడు తెరపై కనిపిస్తున్నది విడాకుల చట్టం, 1869. చట్టాల పాఠాలు ఉంచే ప్రభుత్వ సైటు ఇండియా కోడ్ నుంచి దించుకున్న పీడీఎఫ్ ఇది. భార్యాభర్తల్లో ఒక్కరు క్రైస్తవులైనా ఈ చట్టం కింద పిటిషన్ వేయవచ్చు. కంట్రోల్, ఎఫ్ నొక్కి సెక్షన్ 10కి వెళ్దాం. పేజీలు తిప్పుతూ కూర్చోవడం నాకు నచ్చదు.

ఇదిగో కారణాలు. వ్యభిచారం, అవతలివారు క్రైస్తవ మతాన్ని వదిలి వేరే మతంలోకి మారడం, రెండేళ్లుగా నయం కాని మతిస్థిమితం లేకపోవడం. ఆ తర్వాత చూడండి, నాలుగో క్లాజు ఉండవలసిన చోట నక్షత్ర గుర్తులే ఉన్నాయి. అక్కడ ఉన్న కుష్ఠువ్యాధిని 2019లో తొలగించారు. నా బల్ల మీది పాత పుస్తకంలో అది ఇంకా అలాగే ఉంది కనుక, పుస్తకం చూసి పిటిషన్ రాయకండి. మిగిలినవి, అంటే అంటుకునే సుఖవ్యాధి, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం, పెళ్లయ్యాక శారీరక సంబంధానికి నిరాకరించడం, రెండేళ్లు విడిచిపెట్టి వెళ్లడం, క్రూరత్వం, ఇవన్నీ చదివితే తెలిసిపోయేవే. 2001 సవరణకు ముందు భర్తకు వ్యభిచారం ఒక్కటే చాలేది. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టడమో మరొకటి కూడా రుజువు చేయవలసి వచ్చేది. ఇప్పుడు ఆ తేడా లేదు.

ఇక్కడ ఆగుదాం. సెక్షన్ 10ఏ, అంటే పరస్పర అంగీకారంతో విడాకులు. నేను మొదటిసారి దెబ్బతిన్నది ఇక్కడే. హిందువులకు ఇదే తరహా విడాకులిచ్చే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బీ కింద రాసిన పాత పిటిషన్ ఫైలును తెరిచి, పేర్లు, సెక్షన్ నంబరు మార్చి, దాఖలు చేశాను. నాలుగో పేరాలో 'ఒక సంవత్సరం పైబడి వేరుగా నివసిస్తున్నాము' అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. పిటిషన్ రిటర్న్ అయింది, ఆ 'ఒక' చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. మళ్లీ చెబుతున్నాను, 13బీలో ఒక ఏడాది, 10ఏలో రెండేళ్లు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీని, అంటే మళ్లీ కలిసి కాపురం చేయమన్న కోర్టు ఉత్తర్వును పాటించకపోవడం కూడా విడాకులకు ఒక కారణమే, దాని విషయంలోనూ హిందూ వివాహ చట్టంలో ఏడాది, ఈ చట్టంలో రెండేళ్లు. కేరళ హైకోర్టు 2010లో ఆ రెండేళ్లను ఏడాదిగా చదవాలని చెప్పింది, 2022లో ఆ ఏడాది నిరీక్షణ కూడా రాజ్యాంగ విరుద్ధమన్నది. అయినా మన దగ్గర దాఖలు చేసేటప్పుడు నేను చట్టంలో అచ్చయిన రెండేళ్లనే పట్టుకుంటాను, వేరుపడిన తేదీని అంకెల్లో రాస్తాను, ఆ పదాన్ని ఫైలులో పసుపు రంగుతో గుర్తు పెట్టుకుంటాను. దాఖలు చేశాక ఆరు నెలలు దాటి, పద్దెనిమిది నెలలలోపు ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి.

చివరగా, పెళ్లి చెల్లదంటూ చర్చి ఇచ్చిన రద్దు పత్రం చేతిలో ఉంది కనుక మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. చేసుకోకూడదు. ఆ పత్రం కోర్టు డిక్రీకి బదులు కాదని సుప్రీంకోర్టు 1996లోనే మాలీ జోసెఫ్ కేసులో తేల్చింది. పిటిషన్ ఫ్యామిలీ కోర్టులో వేయాలి, అది లేని చోట జిల్లా కోర్టులో వేయాలి. డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు ముగిసేదాకా పెళ్లి తేదీ ఖాయం చేసుకోవద్దు.