ఎండకు చర్మం ఎందుకు నల్లబడుతుంది?

అందరికీ నమస్కారం. ఎండాకాలం వస్తే మన అనంతపురంలో చాలామంది అడిగేది ఒకటే: చేతులు నల్లబడ్డాయి, ఏ క్రీమ్ రాయాలి? క్రీమ్ సంగతి తర్వాత. ముందు ఆ నలుపు ఎక్కడిదో చూద్దాం.

రోడ్డుకు తారు వేసేవాళ్లను చూసే ఉంటారు. నెత్తిన ఎండ, ముఖానికి తారు పొగ. రెండూ దెబ్బ కొట్టేది చర్మకణంలోని డీఎన్‌ఏనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే, డీఎన్‌ఏ రాతలో పక్కపక్కనున్న రెండు థైమిన్ అనే అక్షరాలు అతుక్కుపోతాయి. పొగలో ఉండే బెంజోపైరీన్ దారి వేరు. కణంలోని ఎంజైములు దాన్ని బయటికి పంపేయాలని మారుస్తాయి. ఆ మార్పుల్లోనే అది డీఎన్‌ఏను పట్టుకునే రూపానికి వస్తుంది.

కణం ఊరుకోదు. పీ53 అనే ప్రోటీన్ విభజనను ఆపేస్తుంది. రిపేరు ప్రోటీన్లు చెడిన చోటుకు అటూ ఇటూ కత్తిరించి, సుమారు 30 అక్షరాల ముక్కను తీసేస్తాయి. డీఎన్‌ఏకు రెండు పోగులు కదా, ఎదుటి పోగును చూసి కొత్తది కడతాయి. ఎండ దెబ్బకూ, బెంజోపైరీన్ దెబ్బకూ ఇదే పద్ధతి. దీన్ని విడమరిచి చూపినందుకే శాస్త్రవేత్త అజీజ్ సంజార్‌కు 2015లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. దెబ్బ మరీ ఎక్కువైతే కణం తనంతట తానే చచ్చిపోతుంది. క్యాన్సర్‌గా మారే కంటే అదే మేలు.

ఇక నలుపు. అదే పీ53 పై పొర కణాల చేత ఒక హార్మోన్ తయారు చేయిస్తుంది. అది అందగానే మెలనోసైట్లు అనే రంగు కణాలు, మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం చేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. అక్కడ మెలనిన్ కేంద్రకం పైన, సరిగ్గా ఎండ పడే వైపు, గొడుగులా పేరుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! దాన్ని పోగొట్టాలని డాక్టరును అడక్కుండా స్టెరాయిడ్ క్రీములు రాస్తే చర్మం పలచబడుతుంది. దయచేసి ఆ పని చేయొద్దు.

ఈ రిపేరు పుట్టుకతోనే సరిగా లేని పిల్లలు ఉన్నారు. ఆ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. లోపం డీఎన్‌ఏ రిపేరులోనే ఉందని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించారు. ఈ పిల్లలకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ రావచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. మన సీమలో మేనరికాలు మామూలే కదా, అందుకే గట్టిగా చెబుతున్నా. రెండేళ్లు కూడా నిండని బిడ్డకు ఎండ తగిలేచోటల్లా మచ్చలు వస్తున్నా, వెలుతురుకు కళ్లు తెరవలేకపోతున్నా, దిష్టి అనుకొని ఊరుకోకండి. చర్మ డాక్టరుకు చూపించండి.

మిగతావాళ్లకు నేను చెప్పేది కొంచెమే. పదింటి నుంచి నాలుగింటి దాకా బయట పని తప్పదంటే నిండు చేతుల చొక్కా వేసుకోండి, తలకూ మెడకూ టవల్ చుట్టుకోండి. తారు అంటితే డీజిల్‌తో రుద్దొద్దు. వంటనూనెతో తుడిచి, సబ్బుతో కడుక్కోండి.